రెయిడ్ కార్డు ఉంటే చాలనుకునేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డయాగ్నస్టిక్ సెంటర్లకు, కాలేజీ ల్యాబులకు, పెళ్లి వీడియోల స్టూడియోలకు లినక్స్ సర్వర్లు పెట్టిచ్చే పని నాది. కొటేషన్ ఇవ్వగానే "రెయిడ్ కార్డు ఉందా?" అని అందరూ అడుగుతారు. కొన్ని డిస్కుల్ని జోడించి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చూసే కార్డు అది. పెట్టిన తర్వాత దాని పరిస్థితి ఎలా చూసుకోవాలని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. డేటా పోయేది ఎక్కువగా అక్కడే.

అపోహ: డిస్కు పాడైతే లినక్స్ చెప్పేస్తుంది.

దానంతటది చెప్పదు. కార్డు నాలుగు డిస్కుల్ని కలిపి ఒకే డిస్కుగా చూపిస్తుంది. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడితే కనిపించేది ఎస్‌డీఏ అనే ఒక్క డిస్కు. వెనక ఒక డిస్కు పోయినా ఎస్‌డీఏ మామూలుగానే ఉంటుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, రిపోర్టులు ప్రింట్ అవుతాయి. కార్డు మీద బజర్ ఉంటే అది మోగుతుంది. ఆ గోల భరించలేక ఎవరో ఒకరు దాన్ని ఆపించేస్తారు. రెండో డిస్కు కూడా పోయినరోజు ఫోన్ వస్తుంది: "సార్, నిన్నటిదాకా బాగానే ఉండింది!"

మామూలుగా కార్డు డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి ఇన్‌స్టలేషన్ సాఫీగా అయిపోతుంది. కార్డుతో మాట్లాడే టూల్ మాత్రం మనమే విడిగా వేసుకోవాలి. మెగారెయిడ్ కార్డులకు స్టోర్‌సీఎల్ఐ, డెల్ పెర్క్‌కు పెర్క్‌సీఎల్ఐ, హెచ్‌పీఈ స్మార్ట్ అరేకు ఎస్ఎస్ఏసీఎల్ఐ, అడాప్టెక్‌కు ఆర్క్‌కాన్ఫ్. స్టోర్‌సీఎల్ఐలో వర్చువల్ డ్రైవ్ (కార్డు కలిపి చూపించే ఆ ఒక్క డిస్కు) ఎదురుగా 'ఆప్టిల్' అని ఉంటే అంతా బాగున్నట్టు. 'డీజీఆర్‌డీ' అని ఉంటే డిస్కు పోయి, అరే (డిస్కుల గుంపు) ఒంటికాలి మీద నడుస్తున్నట్టు. గంటకోసారి చూసి, అక్కడ 'ఆప్టిల్' కాక ఇంకేం కనిపించినా మెయిల్ పంపే చిన్న స్క్రిప్టు క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే లినక్స్ సదుపాయం) పెట్టండి. డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ టూల్‌కు మెగారెయిడ్ ఆప్షన్‌తో పాటు డిస్కు నంబర్ ఇస్తే, కార్డు వెనకున్న ఒక్కో డిస్కు ఆరోగ్యం కూడా చదువుతుంది. డేటా ఎక్కించకముందే ఒక డిస్కు బయటికి లాగి, మెయిల్ వస్తుందో రాదో చూడండి. రాకపోతే సెటప్ పూర్తి కానట్టే. నేనైతే ఈ పరీక్ష కాకుండా సర్వర్ అప్పగించను.

అపోహ: యూపీఎస్ ఉంది కదా, కార్డుకు వేరే బ్యాటరీ ఎందుకు?

అన్నింటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. రైట్‌బ్యాక్ మోడ్‌లో డేటా డిస్కుకు చేరకముందే, కార్డు మెమరీలోకి రాగానే "రాసేశాను" అని కార్డు లినక్స్‌కు చెప్పేస్తుంది. వేగం అక్కడి నుంచే వస్తుంది. ఆ క్షణంలో కరెంటు పోతే మెమరీలో ఉన్నదాన్ని కాపాడేది కార్డు బ్యాటరీ, లేదా కొత్త కార్డుల్లో ఉండే సూపర్ కెపాసిటర్. సర్వర్ పవర్ సప్లై కాలిపోయినా, ఊడుస్తూ ఎవరైనా ప్లగ్గు లాగేసినా యూపీఎస్ చేయగలిగింది ఏమీ లేదు.

బ్యాటరీ లేకపోయినా, ముసలిదైపోయినా కార్డు సాధారణంగా తనే రైట్‌త్రూకి, అంటే డిస్కుకు చేరాకే "రాసేశాను" అనే మోడ్‌కు మారిపోతుంది. అప్పుడు సర్వర్ నెమ్మదిస్తుంది. "ఉన్నట్టుండి స్లో అయింది" అన్న ఫిర్యాదు వస్తే నేను ముందు చూసేది బ్యాటరీ స్టేటస్సే. ఇక్కడే కొందరు అడ్డదారి తొక్కుతారు. బ్యాటరీ ఉన్నా లేకపోయినా రైట్‌బ్యాకే ఉండాలనే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేసేస్తారు. వేగం తిరిగొస్తుంది, అందరూ సంతోషిస్తారు. గాలివాన రాత్రి కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, తెల్లారి డిస్కులన్నీ బాగానే ఉంటాయి, డేటాబేస్ మాత్రం తెరుచుకోదు. దయచేసి ఆ ఆప్షన్ జోలికి పోకండి. బ్యాటరీ మార్చండి. ఇంకొకటి, కార్డు బ్యాటరీ కాపాడేది కార్డు మెమరీని మాత్రమే. హార్డ్ డిస్కుకు సొంతంగా ఉండే కాషేను (తాత్కాలిక మెమరీని) విడిగా ఆఫ్ చేయాలి.

అపోహ: నాలుగు డిస్కులుంటే రెయిడ్ 5 వేస్తే సరి.

రెయిడ్ 5 అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచే పద్ధతి. చిన్న డిస్కుల కాలంలో సరే. 8 టీబీవి నాలుగు వేస్తే రెయిడ్ 5లో 24 టీబీ చేతికొస్తుంది, నిజమే. కానీ ఒకటి పోతే మిగతా మూడింటినీ, అంటే 24 టీబీని, మొదటి నుంచి చివరిదాకా చదివితేనే రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటాను మళ్లీ కట్టడం) పూర్తవుతుంది. సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా నడిచినా కొత్త డిస్కు నిండడానికి 11 గంటలు దాటుతుంది. పని నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ రెండో డిస్కు మొరాయించకూడదు. రెయిడ్ 6 అయితే 16 టీబీయే మిగులుతుంది గానీ, రీబిల్డ్ మధ్యలో ఇంకొకటి పోయినా తట్టుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్కులు కూడా వద్దు. చదవలేని సెక్టార్ తగిలితే అవి చాలాసేపు దాని మీదే కూర్చుంటాయి. జవాబు రావట్లేదని కార్డు మంచి డిస్కునే బయటికి నెట్టేస్తుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు సాధారణంగా ఏడు సెకన్లలో ప్రయత్నం ఆపి, చదవలేకపోయామని చెప్పేస్తాయి.

అపోహ: కార్డు కాలిపోతే డేటా పోయినట్టే.

అంత భయం అక్కర్లేదు. అరే వివరాలు డిస్కుల్లో కూడా రాసి ఉంటాయి. సరిపడే అదే కుటుంబం కార్డు పెడితే, మెగారెయిడ్‌లో 'ఫారిన్ కాన్ఫిగరేషన్' దొరికిందని చూపిస్తుంది. అప్పుడు ఇంపోర్ట్ ఎంచుకోవాలి. క్లియర్ నొక్కారా, ఆ వివరాలు చెరిగిపోతాయి. అందుకే కంగారులో కొత్త అరే కట్టేయకండి, ఎవరు ఫోన్‌లో చెప్పినా సరే.

"అన్నా, రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?" అనే తమ్ముళ్లకు ఒక్కటే మాట. మీరు డిలీట్ చేసిన ఫైలును రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా డిలీట్ చేస్తుంది.

అపోహ: హార్డ్‌వేర్ రెయిడే (కార్డుతో చేసేదే) ఎప్పుడూ మేలు.

రెండే డిస్కులున్న చిన్న ఆఫీసుకు నేను ఎండీఏడీఎం అనే టూల్‌తో లినక్స్ సొంత రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అదే డేటా) వేస్తాను. ఏ లినక్స్ మెషీన్‌కు తగిలించినా తెరుచుకుంటుంది, కార్డు ఖర్చూ ఉండదు. ఇప్పటి ప్రాసెసర్‌కు ఆ పని బరువేం కాదు. రెయిడ్ పని తనే చూసుకునే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లయితే డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే హెచ్‌బీఏ కార్డే కొనండి. చిన్న చిన్న రైట్లు ఎడతెగకుండా వచ్చే డేటాబేస్ దగ్గర బ్యాటరీ ఉన్న కార్డుకు ఇప్పటికీ విలువుంది.

పాత కార్డు చవకగా దొరికిందని కొనేముందు మీ డిస్ట్రో (మీరు వాడే లినక్స్ రకం) దాన్ని గుర్తిస్తుందో లేదో చూసుకోండి. రెడ్ హ్యాట్ లినక్స్ 8 నుంచి కొన్ని పాత మెగారెయిడ్ కార్డులకు సపోర్ట్ తీసేశారు, ఇన్‌స్టలేషన్‌లో డిస్కే కనిపించదు. ఇంకా, ఈ కార్డులు సర్వర్ ఫ్యాన్ల గాలిని నమ్ముకుని తయారైనవి. మామూలు డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో దూర్చి, ఏసీ లేని గదిలో మే నెల తిరుపతి ఎండకు వదిలేస్తే చిప్ కాగిపోతుంది. చాలా మెగారెయిడ్ కార్డుల్లో ఆ ఉష్ణోగ్రతను స్టోర్‌సీఎల్ఐ చూపిస్తుంది. చూసి, హీట్‌సింక్‌కు ఎదురుగా ఒక ఫ్యాన్ బిగించండి.