బి.డి. అంటే చుట్టే బీడీ కాదు: థియాలజీ చదువు మీద అపోహలు - వాస్తవాలు

డిగ్రీ అయ్యాక నేను బి.డి.లో చేరుతున్నానంటే ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ "ఇంత చదివి బీడీలు చుట్టడమేంది నాయనా" అని ఏడ్చినంత పని చేసింది. బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే పాస్టర్లయ్యేవాళ్లు చదివే థియాలజీ (దైవశాస్త్రం) డిగ్రీ అని విడమర్చి చెప్పినా అనుమానం పోలేదు. ఇప్పుడు కడప దగ్గర ఒక పాస్టరేట్‌లో (ఒక పాస్టరు చూసుకునే సంఘాలు) పాస్టరుగా ఉన్నా. "అయ్యగారూ, నేనూ సేవకు వస్తా" అని పిల్లలు వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసిపెడుతున్నా.

అపోహ: చదువుకుంటే ఆత్మ ఆరిపోతుంది.

అన్నిట్లోకీ గట్టిది ఇదే. "అక్షరము చంపును" అనే సగం వాక్యం పట్టుకుని చెబుతారు. అది ఉన్న బైబిల్ పత్రిక, రెండో కొరింథీ, మూడో అధ్యాయం మొత్తం చదవండి, పౌలు అక్కడ మాట్లాడుతున్నది రాతి పలకల మీది పాత నిబంధన గురించి, కాలేజీ గురించి కాదు. ఆయన గమలీయేలు అనే యూదుల ధర్మశాస్త్ర బోధకుడి దగ్గర చదువుకున్నవాడు, చెరసాలలో ఉండి కూడా అంగీతో పాటు పుస్తకాలు తెమ్మని తిమోతికి రాసినవాడు. పేతురు, యోహాను చదువులేనివాళ్లే కదా అంటారు. నిజమే, కానీ వాళ్లు యేసు వెంటే తిరిగారు, ఆ కోర్సులో మనకు సీటెవరిస్తారు?

ఇంకొకటి. 23వ కీర్తనలో "గాఢాంధకారపు లోయ" మన పిల్లలకు కూడా నోటికొచ్చు. ఇంగ్లీషు మీడియం మనవడేమో అక్కడ మరణం నీడ అని ఉంది తాతా అంటాడు. కీర్తనల మూలభాష హెబ్రీలో ఉన్నది ఒకటే మాట, సల్మావెత్. విడగొడితే నీడ, మరణం, కలిపి చదివితే చిమ్మచీకటి, పండితులు రెండు వైపులా ఉన్నారు. ఇది తెలిశాక నా భక్తేమీ తగ్గలేదు, ఎవరి బైబిల్ తప్పు అని కొట్లాడుకునే తాతామనవళ్ల మధ్య కూర్చోగలిగాను.

అపోహ: అక్కడ ప్రసంగాలు చెప్పడం నేర్పిస్తారు, అంతే.

నేర్పిస్తారు, కొంచెం. రెండో ఏడు వీకెండ్ మినిస్ట్రీలో, కొడుకు పోయిన ఒక ఇంటికి వెళ్లాను. "దేవుని చిత్తం..." అని మొదలుపెట్టానో లేదో ఆ తల్లి నా చేయి పట్టుకుని "కూర్చో నాయనా, ఊరికే కూర్చో" అనింది. గంటన్నర కూర్చున్నా, ఎవరో తెచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. క్లాసులో ఆ రిపోర్టు చదివితే మా సారు, "ఆ మాట ఆమె కోసం అన్నావా, నీ భయం పోవడానికి అన్నావా?" అని అడిగారు. తల దించుకున్నా.

అపోహ: వేరే మతాలను తిట్టడం నేర్పిస్తారు.

హిందూ మతం, ఇస్లాం, బౌద్ధం మాకు పేపర్లు, పాస్ కావాల్సినవి. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు బారులు తీరే జిల్లాలో పెరిగినవాడికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

అపోహ: ఆడపిల్లలకు పనికిరాదు.

సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తొలి మహిళా బిషప్ పుష్పలలిత గారు 2013లో అభిషేకం పొందింది మన నంద్యాల డయాసిస్‌కే (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం). అయితే స్త్రీలకు అభిషేకం ఇవ్వని సంఘాలూ ఉన్నాయి, మీది ఏదో ముందే కనుక్కోండి.

అపోహ: సర్టిఫికెట్ వస్తే చర్చి వస్తుంది.

రాదు. సీఎస్‌ఐలో అయితే ముందు మీ పాస్టరేట్ సిఫారసు చేయాలి, డయాసిస్ క్యాండిడేట్‌గా తీసుకోవాలి, చదివి వచ్చాక కూడా ముందు డీకన్ (సహాయ సేవకుడు), ఆ తర్వాతే ప్రెస్బిటర్ (పూర్తి స్థాయి పాస్టరు). ఇక సర్టిఫికెట్ల సంగతి. బెంగాల్‌లోని సేరాంపూర్ కాలేజీ 1818లో మొదలైంది, ఆ ఊరు డెన్మార్క్ చేతిలో ఉన్నప్పుడు, 1827లో, డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారమిచ్చాడు. మీరు చేరే కాలేజీ ఈ డిగ్రీలిచ్చే సేరాంపూర్ సెనేట్‌కు అనుబంధమా కాదా అన్నది ఫీజు కట్టకముందే అడగండి. మూడు నెలల్లో డాక్టరేట్ అని వాట్సాప్‌లో వచ్చేవాటికి డబ్బు కట్టి, ఫ్లెక్సీ మీద పేరుకు ముందు డాక్టర్ అని వేయించుకున్నవాళ్లను నేను చూశాను.

సీటు వచ్చిందా, చేరేలోపు వీధిలో ఉర్దూ వచ్చిన స్నేహితుడు ఎవరైనా ఉంటే కుడి నుంచి ఎడమకు రాయడం కొంచెం అలవాటు చేసుకోండి. అక్కడ నేర్చుకునే హెబ్రీ కూడా అలాగే రాస్తారు, దాని మొదటి అక్షరం ఆలెఫ్, ఉర్దూ అలిఫ్‌కు చుట్టమే.