సగం ధర పడవ

తిరుపతి

పాపకూ అబ్బోడికీ తాత ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్‌లో పంపిన ఫోటోలు చూశాను. ఒకటి పాత లేజర్, అంటే ఒక్కరే నడిపే పందేల తెరచాప పడవ. రెండోది ఎవరో సొంతంగా చేయించుకున్న తెరచాప పడవ. చూడముచ్చటగా ఉంది, ధర సగమే. అదే కొందాం అంటున్నారట. మద్రాసు హార్బర్‌లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేను పడవ ఎక్కింది తక్కువ, పడవలు చేతులు మారడం చూసింది ఎక్కువ. కాబట్టి కాస్త వినండి.

ముందు నా తెలివి చెబుతా. అప్పట్లో చేతక్ స్కూటర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. వచ్చిన బండిని మర్నాడే అమ్మినా కొన్న ధర కంటే ఎక్కువే పలికేది. నాకు ఓపిక లేక ఎవరికీ తెలియని వేరే స్కూటర్ కొన్నాను. బండి మంచిదే. కానీ క్లచ్ కేబుల్ తెగితే గాంధీ రోడ్డంతా తిరిగినా దొరకలేదు. అమ్మబోతే అడిగేవాడే లేడు. ఆఖరికి పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేశాను. మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. పడవల సంగతీ అంతే.

లేజర్ నమూనాని బ్రూస్ కిర్బీ అనే ఆయన గీసి యాభై ఏళ్లు దాటింది. రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. పందెంలో గెలుపు మనిషిది కావాలి, పడవది కాకూడదని కొలతలు మార్చనివ్వరు. అందుకే పాత పడవకైనా కొత్త చుక్కాని సరిపోతుంది. మీరు పై తరగతి పిల్లల దగ్గర సగం ధరకు పుస్తకాలు కొంటారే, అట్లా. సిలబస్ మారనంత వరకే ఆ పుస్తకానికి విలువ. 2019లో పేరు పంచాయితీ వచ్చి ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు గానీ పడవ అదే.

ఇంకో లాభం ఉంది. ఒకే పడవకు 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు, మూడు సైజుల తెరచాపలు. పాప పెరిగే కొద్దీ తెరచాప, దాన్ని నిలబెట్టే స్తంభం (మాస్ట్) కింది ముక్క మారిస్తే చాలు. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో నడిపింది ఈ మూడింట్లో నడిమి సైజుదే. అబ్బోడి ఆప్టిమిస్ట్, ఆ చిన్నపిల్లల పడవ సంగతీ అంతే. పదిహేనేళ్లు వచ్చాక దిగిపోవాల్సిందే కాబట్టి ఏటా అమ్మేవాళ్లూ ఉంటారు, కొనేవాళ్లూ ఉంటారు.

లెక్క ఇట్లా వేసుకోండి. లక్షకు కొన్నది మూడేళ్లకు ఎనభై వేలకు పోయిందనుకో, ఖర్చు ఇరవై వేలే. యాభై వేలకు కొన్నది ఎవరూ అడక్కపోతే యాభై వేలూ పోయినట్టే. అమ్మే ఉద్దేశమే లేకుండా, సరదాగా ఒంటరిగా తిప్పుకునేవాళ్లకైతే ఆ రెండోది బేరమే. మీరేమో పందేలంటున్నారు. పక్కన అలాంటిదే ఇంకో పడవ లేకపోతే ఎవరితో పోటీ పడతారు?

అట్లాగని పేరు చూసి మోసపోకండి. పేరున్న పడవనే పందేల్లో చావబాది ఉంటారు. అమ్మేవాడు ధర తగ్గించడు, ‘ఇది లేజరండీ’ అంటాడు. అననీండి. మాస్ట్ దిగే గుంతలో నీళ్లు పోసి చూడాలి, మట్టం తగ్గితే లోపల కారుతోందని అర్థం. పైభాగం మీద కాలేస్తే మెత్తగా దిగకూడదు. మాస్ట్, తెరచాప తీసేసిన ఉత్త పడవ 59 కిలోల దగ్గర తూగాలి. బాగా ఎక్కువ తూగితే లోపల నీళ్లు నిలిచి ఉన్నట్టే.

శనివారం సాయంత్రం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతా. ఒక బకెట్, ఒక కాటా సిద్ధం చేయమని నాన్నకు చెప్పండి. నేను వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దని కూడా చెప్పండి.

మీ తాత