గర్భం కోసం వాడే పొట్లం మందులు, సీసం: అపోహలు - వాస్తవాలు

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే ఓపీలో పదే పదే వినే జవాబు ఒకటే. "ఏం లేవు మేడమ్, నాటు మందు తప్ప." అంటే అది లెక్కలోకి రాదని. పిల్లలు లేరనో, ఈసారి మగపిల్లాడే కావాలనో ఎవరో చెప్పిన చోటికి వెళ్లి పొట్లాలు తెచ్చుకుంటారు. అందులో ఏముందో ఇచ్చినవాడు చెప్పడు, తెచ్చుకున్నవాళ్లు అడగరు.

అపోహ: నాటు మందు సహజమైనది. మేలు చేయకపోయినా కీడు చేయదు.

వాస్తవం: సీసం (లెడ్), పాదరసం, ఆర్సెనిక్ లాంటి విషాలు కూడా భూమిలోంచి వచ్చినవే. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఆరుగురు గర్భిణుల్లో సీసం విషప్రభావాన్ని గుర్తించింది. వాళ్లు వాడిన ఆయుర్వేద మందులన్నీ మన దేశంలో తయారైనవే. డెసిలీటరు రక్తంలో సీసం 16 నుంచి 64 మైక్రోగ్రాముల దాకా ఉంది. గర్భిణుల్లో అది 5 మైక్రోగ్రాములకు చేరినా జాగ్రత్తపడాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లోనే చెప్పింది. వాళ్లు వాడిన ఒక మందులోనైతే సీసం 2.4 శాతం.

నేను ఆయుర్వేదం మొత్తాన్నీ తప్పు పట్టడం లేదు. లోహాలు కలిసే రసౌషధాలను వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని మన మందుల నిబంధనలే చెబుతున్నాయి. లేబులే లేని పొట్లానికి పర్యవేక్షణ ఎక్కడిది? మగపిల్లాడి మందు సంగతి అసలే వద్దు. ఆడో మగో అండం ఫలదీకరణ చెందినప్పుడే తేలిపోతుంది.

ఒకమ్మాయికి ఐదో నెల. ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. గ్యాస్ అని అందరూ సర్దిచెప్పారు. రక్తపు చుక్కను గాజుపలకపై పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే ఎర్రకణాల నిండా నీలి చుక్కలు కనిపించాయి. సీసం విషానికి అదొక గుర్తు. ఇంట్లో తింటున్నవన్నీ తెమ్మన్నాను. న్యూస్‌పేపర్ ముక్కల్లో కట్టిన చిన్న చిన్న పొట్లాలు, ఒక్కోదాంట్లో చిటికెడు ఇటుకరంగు పొడి. రోజూ పరగడుపున తేనెలో రంగరించి నాకేదట. "బిడ్డ నిలవాలనే పెట్టానమ్మా" అంటూ అత్తగారు ఏడ్చేశారు. ఆవిడను ఏమనగలం? రక్తంలో సీసం చాలా ఎక్కువ వచ్చింది. పొడి మానిపించి, మళ్లీ మళ్లీ పరీక్ష చేయిస్తూ వచ్చాం. మెల్లగా దిగింది.

అపోహ: పెళ్లికి ముందెప్పుడో వాడి మానేశాను, ఇప్పుడేం కాదు.

వాస్తవం: రక్తంలోంచి సీసం కొన్ని నెలల్లో తగ్గుతుంది కానీ ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గర్భంలో, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోని కాల్షియం కరిగితే దాంతోపాటు సీసమూ బయటికొస్తుంది. మాయ దాన్ని ఆపలేదు. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు, బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినడం... భయమంతా వీటి గురించే. అందుకే కాల్షియం, ఐరన్ మాత్రలు మానొద్దని అంతగా బతిమాలేది. ఐరన్ తక్కువైతే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పసుపు, సున్నంతో చేసిన కుంకుమతో ఇబ్బంది లేదు. నారింజరంగు సింధూరాల్లో కొన్నిటిలో మాత్రం సీసం ఉంటుంది, పెట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పాదరసం భయంతో చేపలన్నీ మానక్కర్లేదు. సొర లాంటి పెద్ద వేటచేపలు వద్దు, నెత్తళ్లు, కవళ్లు హాయిగా తినండి. సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పే పనికి ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఒంట్లో విషాలను లాగేస్తాయంటూ పాదాలకు అంటించే డిటాక్స్ ప్యాచ్‌లు డబ్బు దండగ.

అనుమానం ఉంటే పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి రండి, ఎవరూ తిట్టరు. నరంలోంచి రక్తం తీసి చేసే బ్లడ్ లెడ్ పరీక్ష ఒక్కటి చాలు. సీసం ఉందని తెలియగానే టెన్షన్‌తో "అబార్షన్ చేయించుకోవాలా మేడమ్?" అని అడిగేవాళ్లున్నారు. సీసం ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. తల్లి రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాముల లోపు ఉంటే పాలు కూడా పట్టొచ్చు, బిడ్డ రక్తాన్ని పరీక్ష చేయిస్తూ ఉంటే సరిపోతుంది.