కోయింబ్రా రాణి ఇసబెల్: గులాబీల కథ వెనుక ఉన్న చరిత్ర

పోర్చుగల్‌లోని కోయింబ్రా నగరం జూలై 4న పునీత ఇసబెల్ రాణి పండుగ జరుపుకుంటుంది. పేదలకు దానం చేయడానికి ఆమె దాచి తీసుకువెళుతున్న రొట్టెలు భర్త నిలదీయగానే గులాబీలుగా మారాయన్న కథ అక్కడ అందరికీ తెలుసు. అయితే ఇదే కథను ఆమె పేరు పంచుకున్న బంధువు (నాయనమ్మకు సవతి సోదరి), హంగరీకి చెందిన పునీత ఎలిజబెత్ గురించి కూడా చెబుతారు; ఇసబెల్ అన్నది ఎలిజబెత్ పేరుకే మరో రూపం. ఇసబెల్‌ను అర్థం చేసుకోవడానికి అద్భుతం కంటే ఆమె జీవితమే ఎక్కువగా ఉపకరిస్తుందని నా అభిప్రాయం.

1271లో నేటి స్పెయిన్‌లోని ఆరగాన్ రాజవంశంలో పుట్టిన ఇసబెల్‌కు 1282లో, ఇంకా బాల్యం వీడకముందే, పోర్చుగల్ రాజు దినీష్‌తో వివాహమైంది. రాజు ఆమెకు ఓబిదుష్ వంటి పట్టణాలను కానుకగా ఇచ్చాడు. సొంత రాబడి ఉండటం వల్లనే ఆమె పేదలకూ రోగులకూ ఆశ్రయాలు నెలకొల్పగలిగింది.

ఆమెకు అసలైన పరీక్ష ఇంట్లోనే ఎదురైంది. దినీష్ తన వివాహేతర కుమారుడు అఫోన్సు సాంషిష్ పట్ల చూపిన పక్షపాతం తన వారసత్వానికే ముప్పు తెస్తుందని భయపడిన యువరాజు అఫోన్సు 1319లో తండ్రిపై తిరగబడ్డాడు. రాణి కొడుకు పక్షాన ఉందని అనుమానించిన రాజు ఆమె రాబడిని స్వాధీనం చేసుకుని, ఆమెను అలెంకేర్ పట్టణానికి పంపివేశాడు. అయినా ఆమె సంధి ప్రయత్నం మానలేదు. 1323లో లిస్బన్ చేరువలోని అల్వలాద్ వద్ద తండ్రీకొడుకుల సేనలు తలపడబోతుండగా ఆమె స్వయంగా వాటి మధ్యకు వెళ్లి పోరు ఆపించిందని సంప్రదాయం చెబుతుంది.

1325లో భర్త మరణించాక, 1314లో తానే పునఃస్థాపించిన కోయింబ్రా శాంత క్లారా మఠం పక్కన నివసిస్తూ, మఠకన్యల దుస్తులు ధరించినా సన్యాస వ్రతం మాత్రం పూనలేదు. ఆస్తి తన చేతిలో ఉంటేనే దానధర్మాలు సాగుతాయి కనుక దీనిని వివేకమనే అనాలి.

1336లో పోర్చుగల్, పొరుగున ఉన్న కాస్తీలియా రాజ్యాల మధ్య యుద్ధ మేఘాలు కమ్ముకున్నాయి. ఒక వైపు ఆమె కొడుకు, ఒకప్పటి యువరాజు, అప్పటి రాజు నాలుగవ అఫోన్సు, మరోవైపు కూతురి కొడుకు పదకొండవ అల్ఫోన్సో. మన మాటలో చెప్పాలంటే మేనరికం వివాహమే దానికి కారణం: అల్ఫోన్సో తన మేనమామ కూతురైన మరియాను పెళ్లాడి నిర్లక్ష్యం చేశాడు. వృద్ధురాలైన రాణి రాజీ కోసం ఎస్త్రెమోష్ పట్టణానికి వెళ్లి, జూలై 4న అక్కడే కన్నుమూసింది.

1516లో ఆమెకు పునీతురాలి హోదాకు ముందు మెట్టైన ధన్యురాలి హోదా దక్కింది. 1625లో ఎనిమిదవ అర్బన్ పోపు పునీతురాలిగా ప్రకటించారు. అప్పుడు పోర్చుగల్ స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉంది. మొండేగు నది వరదలు పాత మఠాన్ని పదేపదే ముంచెత్తడంతో 1677లో మఠకన్యలు ఎదుటి కొండపై కట్టిన కొత్త మఠానికి తరలివెళ్లారు. ఆమె భౌతికకాయం నేటికీ అక్కడి వెండి పేటికలో ఉంది.