పన్ను తీయించుకున్నాక ఎముక మన కోసం ఆగదు

మొన్న మంగళవారం వచ్చిన ఆవిడకు 58 ఏళ్లు. ఎడమవైపు కింది దవడలో రెండు నమిలే పళ్లు తీయించుకుని 9 ఏళ్లయింది. ఇప్పుడు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో మర దించి దాని మీద కట్టే పళ్లు, పెట్టించుకుందామని, చీటీ పాడి డబ్బు కూడా సిద్ధం చేసుకుని వచ్చారు. స్కాన్ తీసి, ఆ చోట ఎముకను తెర మీద అడ్డంగా కోసినట్టు చూపించి కొలత గీశాను. పైభాగంలో వెడల్పు 3 మిల్లీమీటర్లు కూడా లేదు. కత్తి వాదరలా సన్నబడి ఉంది.

"ఇన్నేళ్లు ఎందుకు ఆగారమ్మా?" అని అడిగాను.

"పచ్చి మీద వేస్తే పట్టదన్నారు డాక్టర్ గారూ. బాగా గట్టిపడ్డాక వేయించుకోమని మా వీధిలో అందరూ చెప్పారు. అందుకే గట్టిపడనిచ్చాను."

విజయనగరంలో 19 ఏళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్నాను. ఈ "గట్టిపడనివ్వడం" అనే మాట వినని నెల లేదు. ఇంప్లాంట్ల మీద ఉన్న అపోహలన్నిటిలో జనం జేబుకూ దవడకూ ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అందుకే ముందుగా దీని గురించే వివరంగా చెబుతాను.

పన్ను తీసిన చోట చిగురు గట్టిపడుతుంది, నిజమే. వేలితో నొక్కితే రాయిలా తగులుతుంది. దాని కింద ఎముక మాత్రం రోజురోజుకూ కరిగిపోతూ ఉంటుంది. దవడలో పళ్ల చుట్టూ ఉండే ఎముక పళ్ల కోసమే పుడుతుంది, పళ్ల కోసమే నిలుస్తుంది. మనం నమిలే ప్రతిసారీ ఆ ఒత్తిడి పంటి వేరు చుట్టూ ఉన్న సన్నని నారల ద్వారా ఎముకకు చేరుతుంది. ఆ పని ఉన్నంతకాలం శరీరం ఆ ఎముకను పోషిస్తుంది. పన్ను పోతే పని పోతుంది, పని లేని ఎముకను శరీరం వెనక్కి తీసేసుకుంటుంది. మొదటి ఏడాదిలోనే ఆ చోట వెడల్పులో దాదాపు సగం పోతుంది. అందులోనూ మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే. బుగ్గ వైపు ఉండే గోడ పలచన కాబట్టి ముందు అదే కూలుతుంది.

ఇంప్లాంటు అంటే టైటానియంతో చేసిన చిన్న మర. మామూలుగా 4 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. దాని చుట్టూ అన్ని వైపులా కనీసం 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల ఎముక మిగలాలి. అంటే 6, 7 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. కింది దవడలో లోపల నరం పోతుంటుంది, దానికి 2 మిల్లీమీటర్ల దూరం పాటించాలి. పై దవడలో వెనక పళ్లు పోతే ముక్కు పక్కనుండే గాలి గది, అదే సైనస్, కిందికి జారుతుంది. ఇన్ని హద్దుల మధ్య 3 మిల్లీమీటర్ల ఎముకలో మర ఎక్కడ దించాలి?

దారి లేదని కాదు. పక్క నుంచి ఎముక పొడి పెట్టి పెంచవచ్చు, సైనస్‌ను పైకి జరిపి కింద ఎముక నింపవచ్చు. అయితే దానికి వేరే ఆపరేషన్, వేరే ఖర్చు, ఆరేడు నెలల అదనపు నిరీక్షణ. మంగళవారం వచ్చిన ఆవిడకు ఇదంతా చెబుతుంటే ఒళ్లో ఉన్న సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఆ చీటీ డబ్బు ఇప్పుడు ఎముక పెంచడానికే సరిపోతుంది. ఆవిడ తప్పేమీ లేదు. అడగాల్సిన వాళ్లనే అడిగాననుకున్నారు.

నష్టం ఎముకతోనే ఆగదు. నా బల్ల సొరుగులో ఒక ప్లాస్టర్ అచ్చు ఉంది. కింది పన్ను తీయించుకుని 6 ఏళ్లు ఖాళీగా వదిలేసిన ఒకాయన నోటి అచ్చు అది. ఎదురుగా పైన ఉన్న పన్ను పట్టు దొరక్క కిందికి దిగి, కింది చిగురును దాదాపు తాకుతోంది. వెనక పన్ను ముందుకు వాలిపోయింది. ఖాళీ సగానికి సగం తగ్గింది. "వెనక పన్నే కదా, నవ్వితే కనిపించదు కదా" అనేవారికి ఆ అచ్చు చేతిలో పెడతాను. దిగిన ఆ పంటి మీద వేలు పెట్టి చూశాక ఎవరూ ఆ మాట మళ్లీ అనలేదు.

మరి "పచ్చి" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? దానిలో పిసరంత నిజం ఉంది. వేరు దగ్గర చీము ఎక్కువగా ఉంటే, గోడ విరిగి ఉంటే, పుండు మానడానికి 2, 3 నెలలు ఆగమంటాం. కొందరికి పన్ను తీసిన రోజే ఇంప్లాంటు పెట్టవచ్చు, కొందరికి ఆ రోజు గుంటలో ఎముక పొడి నింపి ఉంచితే కుంగడం తగ్గుతుంది. ఏది సరిపోతుందో నోరు చూసి చెప్పాలి. మేం "కొన్నాళ్లు ఆగి రండి" అంటాం, వినేవారికి అది "ఎప్పుడైనా రండి" అని వినిపిస్తుంది. ఇందులో మా వృత్తి తప్పూ ఉంది. పన్ను తీసి, దూది కొరికించి, మందుల చీటీ రాసి పంపేస్తాం. నేనూ మొదట్లో అలాగే పంపాను. ఇప్పుడు మందుల చీటీ మీదే తిరిగి రావాల్సిన తేదీ రాస్తున్నాను.

ఖాళీ అయిన ప్రతి చోటా ఇంప్లాంటు కావాలని మాత్రం అనుకోకండి. జ్ఞానదంతం పోతే ఏమీ అక్కర్లేదు. రెండు పక్కల పళ్లకూ ఎలాగూ క్యాపులు వేయాల్సి ఉంటే, వాటి మీద ఆనించి మధ్య పన్ను కట్టే బ్రిడ్జి మంచి పరిష్కారమే. మచ్చలేని రెండు పళ్లను అరగదీసి వేసే బ్రిడ్జి దగ్గరే నాకు చేయి రాదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు చాలామందికి చాలు, కానీ ఆ సెట్టు చిగురు మీద కూర్చుని నొక్కుతుంది కాబట్టి కింద ఎముక తరగడం ఆగదు. నాలుగైదేళ్లకు సెట్టు వదులై మాట్లాడుతుంటే కదిలేది అందుకే.

ఇక మిగిలిన అపోహలు.

"షుగర్ ఉంటే ఇంప్లాంటు పట్టదు." అదుపులో లేకపోతే నిజం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7 దరిదాపుల్లో ఉన్నవారికి నిరభ్యంతరంగా పెడుతున్నాం. 10 ఉన్నవారిని ముందు వాళ్ల డాక్టర్ దగ్గరకు పంపుతాం. షుగర్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది పొగాకు. మా ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ పెద్దవాళ్లలో ఇంకా అక్కడక్కడ ఉంది. అలాంటివారు పళ్ల కోసం వస్తే నేను ముందు అంగిలి చూస్తాను. అక్కడ తెల్ల మచ్చలుంటే పళ్ల సంగతి పక్కన పెట్టి ముక్క పరీక్షకు పంపుతాను. క్యాన్సర్ లేదని తేలాకే మిగతాదంతా.

"పై పన్ను జోలికి వెళ్తే చూపు పోతుంది." పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. ఈ పుకారుకు ఇంతకన్నా సమయం ఇవ్వను.

"ఇనుము కదా, తుప్పు పడుతుంది, ఎమ్మారై తీయరు." అది ఇనుము కాదు, టైటానియం. అయస్కాంతం దాన్ని లాగదు. స్కాన్ చేసేవారికి ముందే చెప్పండి, చాలు.

"70 దాటాక ఎందుకు?" వయసు అడ్డు కాదు, ఒంట్లో ఉన్న జబ్బులూ వాడే మందులూ చూస్తాం. ఎముకలు గుల్లబారకుండా ఏడాదికోసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నవారు ఆ మాట ఇంప్లాంటుకే కాదు, పన్ను తీయించుకునే ముందు కూడా తప్పకుండా చెప్పాలి. దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. అసలు ఆగాల్సింది పిల్లలు, దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా.

"3 రోజుల్లో పళ్లు." అమెరికా నుంచి సెలవులకు వచ్చేవారు ఎక్కువగా అడిగేది ఇదే. మంచి ఎముకలో మర గట్టిగా పట్టుకుంటే తాత్కాలిక పళ్లు వెంటనే బిగించవచ్చు, అబద్ధం కాదు. అది అందరికీ కుదరదు. మామూలుగా కింద 3 నెలలు, పైన 4 నుంచి 6 నెలలు ఎముక అతుక్కోనివ్వాలి. ఒక సెలవులో మర, మరుసటి సెలవులో క్యాపు అని ముందే లెక్క వేసుకుంటే హడావుడి ఉండదు.

నొప్పి గురించి భయపడేవారిని మాత్రం నేను తొందర పెట్టను. ఒక రిటైర్డ్ టీచరు గారు రెండుసార్లు కుర్చీ దాకా వచ్చి లేచి వెళ్లిపోయారు. ఆమెకు భయం నొప్పి కన్నా ఆ చప్పుడు అంటే. పిప్పి తీసే యంత్రం నిమిషానికి 3 లక్షల చుట్లు పైగా తిరుగుతుంది, ఆ కీచుమనే శబ్దం దానిది. ఇంప్లాంటుకు వాడేది 1,000 చుట్ల లోపే, చిన్న గుర్రుమనే శబ్దం. ఎముకకు 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం తగిలినా దెబ్బతింటుంది కాబట్టి సెలైను పోస్తూ నెమ్మదిగా వెళ్తాం. మూడోసారి వచ్చినప్పుడు ఆ మరయంత్రాన్ని ఆమె చేతికిచ్చి తిప్పి చూపించాను. "ఇంతేనా?" అన్నారు. ఆ రోజే కూర్చున్నారు. మత్తు ఇచ్చాక తెలిసేది ఒత్తిడి మాత్రమే. ఇంటికి వెళ్లాక రెండు రోజులు వాపు, మాత్రలతో తగ్గే నొప్పి.

"ఒకసారి పెడితే జీవితాంతం చూసుకోనక్కర్లేదు." ఇది మళ్లీ ఖరీదైన అపోహ. ఇంప్లాంటు ఎంతకాలమైనా ఉండగలదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు, టైటానియం ఎముకలో విడదీయలేనంతగా కలిసిపోతుందని కుందేళ్ల మీద గమనించి, 1965లో ఒక మనిషికి మొదటిసారి పెట్టారు. పెట్టించుకున్న ఆ మనిషి 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి. అయితే మరకు పుచ్చు రాకపోయినా దాని చుట్టూ చిగురుకు జబ్బు వస్తుంది. నరం లేదు కాబట్టి నొప్పి ఉండదు, ఎముక చడీచప్పుడు లేకుండా తరిగిపోతుంది. తోముతుంటే అక్కడ రక్తం కనిపించడం మొదటి గుర్తు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

ఇంకొక్కటి. ఇంప్లాంటు పెట్టినప్పుడు దాని కంపెనీ, రకం, లావు, పొడవు రాసిన కార్డు ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. కిందటి వేసవిలో వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయనకు క్యాపు పట్టే చిన్న మర వదులైంది. బిగించడం పది నిమిషాల పని. కార్డు లేదు. ఎక్స్‌రే చూసి ఏ కంపెనీదో పోల్చుకుని, దానికి సరిపోయే కీ తెప్పించేసరికి వారం పట్టింది. ఆ వారమంతా ఆయన కుడివైపే నమిలారు.