ఎవరూ తొడుక్కోని గౌను

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ అడిగిన ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "గౌనుని మ్యూజియంలో పెట్టడమేంటి అమ్మమ్మా, అదేమన్నా రాజుగారి కత్తా?" అని పెద్దాడు. "మరి అంత చీకట్లో పెట్టారేం?" అని చిన్నది. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని, ఈ మాత్రం చెప్పలేనా అని తీరిగ్గా రాస్తున్నా.

మీరు ఫోటోల్లో చూసినవి అలెగ్జాండర్ మెక్‌క్వీన్ అనే ఫ్యాషన్ డిజైనర్ చేసిన బట్టలు. 1969లో లండన్‌లో పుట్టాడు, తండ్రి టాక్సీ నడిపేవాడు. 16 ఏళ్లకే బడి మానేసి సావిల్ రోలో పని నేర్చుకోవడానికి చేరాడు. మగవాళ్ల సూట్లకి ఆ వీధి పెట్టింది పేరు. కోటు అంటే పైకి కనిపించేదే కాదు, కాలరు మడత అలా తీరుగా వంగి ఉండాలంటే లోపల కనపడని చేతికుట్లు బోలెడు పడాలి. ఆ చెయ్యి ఆయన్ని వదల్లేదు. తర్వాత ఆడవాళ్లకి ఎంత విడ్డూరమైన బట్టలు చేసినా భుజం దగ్గరా చంక దగ్గరా చూడండి, కత్తిరింపు ఎక్కడా తేడా రాదు. విడ్డూరం ఎవరైనా చేస్తారు, భుజం కుదరడమే కష్టం.

2010 ఫిబ్రవరిలో, 40 ఏళ్లకే పోయాడు. మరుసటేడు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు ఆయన బట్టలతో 'సావేజ్ బ్యూటీ' అని ఎగ్జిబిషన్ పెడితే మూడు నెలల్లో 6,60,000 మందికి పైగా వచ్చారు. 2015లో అదే ఎగ్జిబిషన్ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వచ్చింది, జనం ఎంతకీ తగ్గకపోతే చివరి రెండు వారాంతాలు రాత్రంతా తెరిచే ఉంచారు. అర్ధరాత్రి దాటాక గౌను చూడ్డానికి క్యూ కట్టారంటే నవ్వొచ్చింది నాకు, కానీ టికెట్ దొరికుంటే నేనూ వెళ్లేదాన్నే.

పెద్దాడా, నీ ప్రశ్న నీ ఒక్కడిదే కాదు. 1983లో అదే న్యూయార్క్ మ్యూజియం ఈవ్ సాన్ లోరాన్ అనే ఫ్రాన్స్ డిజైనర్ బట్టలు పెట్టింది. ఆయన అప్పటికి బతికే ఉన్నాడు, వ్యాపారం నడుస్తూనే ఉంది. బట్టలు అమ్ముకునేవాడికి మ్యూజియం ఊరికే ప్రచారం చేసిపెట్టడమేంటని గొడవ అయింది. గొడవపడ్డవాళ్ల మాటలోనూ నిజం ఉంది. మళ్లీ బతికున్న డిజైనర్ ఒక్కరి బట్టలతోనే అక్కడ ఎగ్జిబిషన్ జరిగింది 2017లో, జపాన్ ఆవిడ రే కవాకుబోకి. ఖరీదైనంత మాత్రాన ప్రతి గౌనూ అక్కడికి చేరక్కర్లేదని నా అభిప్రాయం కూడా. కానీ కొన్ని ఉంటాయి. మెక్‌క్వీన్ గౌను ఒకటి మొత్తం సముద్రపు గుల్లలతోనే చేసింది, పాతకాలం మంగలి కత్తిలా పొడుగ్గా ఉండే గుల్లలు. అడుగు వేస్తే గలగలలాడుతుంది, కూర్చుంటే ఇక అంతే సంగతులు. ఇంకోటి తెల్ల గౌను. 1998లో జరిగిన షోలో, గుండ్రంగా తిరిగే బల్ల మీద ఆ గౌను తొడుక్కున్న అమ్మాయి నిలబడితే చెరోవైపు నుంచి రెండు రోబోలు దాని మీద పసుపు, నలుపు రంగులు చిమ్మాయి. రంగు మరకలే డిజైన్! నా దగ్గరికి ఎవరైనా అలాంటి గౌను తెస్తే ముందు సర్ఫ్‌లో నానబెట్టేదాన్ని.

అయితే ఒక చిక్కుంది. ఆ గౌనుకి అసలు అందం రంగు పడుతున్న ఆ కాసేపట్లో ఉంది, మ్యూజియానికి చేరేది మరకలు ఆరిపోయిన గుడ్డే. గుల్లల గౌను చప్పుడు కూడా అంతే, నిలబెట్టిన బొమ్మ మీద ఎక్కడిది చప్పుడు? బట్ట మనిషి కదలిక కోసం పుట్టింది, ఇక్కడ మనిషి లేడు. అందుకే పక్కన షో వీడియోలు కూడా వేస్తారు.

ఆ లేని మనిషిని తయారుచేయడమే అక్కడివాళ్లకి పెద్ద పని. మనం బట్టల షాపు బొమ్మకి వదులైతే వెనకాల పిన్నులు గుచ్చేస్తాం కదా, అక్కడ అది కుదరదు. బట్టని బొమ్మకి సరిచేయరు, బొమ్మనే బట్టకి సరిచేస్తారు. గౌను కొలత కన్నా సన్నటి బొమ్మని తీసుకుని, నడుము దగ్గర ఇంత, ఛాతీ దగ్గర ఇంత అని దూది లాంటిది పరుస్తూ, పైన గుడ్డ చుట్టి కుడుతూ ఆ తొడుక్కున్నావిడ ఒళ్లు తెప్పిస్తారు. ఎంత బాగా చేస్తే అంత కనపడకుండా పోయే పని, మా లైనింగ్ పనిలాగే.

ఇక చీకటి సంగతి. వెలుతురు బట్టని తినేస్తుంది, చిట్టితల్లీ. కిటికీ పక్కన ఏళ్ల తరబడి వేలాడిన కర్టెన్ ఎలా వెలిసిపోయి చివికిపోతుందో చూశావుగా. పోయిన రంగు మళ్లీ రాదు, ఈరోజు కాస్తా రేపు కాస్తా కలిసి లెక్కలోకి వస్తుంది. అందుకని పట్టు లాంటి బట్టల మీద వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురుని కొలిచే కొలత) దాటనివ్వరు, మామూలు ఆఫీసు గదిలో దానికి చాలా రెట్లు ఉంటుంది. ఎగ్జిబిషన్ అయ్యాక మళ్లీ చీకటి అరలోకే. పూసలు కుట్టిన బరువు గౌనైతే హ్యాంగర్‌కి తగిలించరు, తన బరువుకి తనే భుజాల దగ్గర చిరుగుతుంది కాబట్టి పడుకోబెడతారు. పురుగు పట్టిందని అనుమానం వస్తే మూటకట్టి ఫ్రీజర్‌లో పెడతారు కూడా.

"ఒక్కసారి తొడుక్కుని చూస్తే ఏమవుతుంది?" అన్నావు చూడు, అది మాత్రం కుదరదు. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో తొడుక్కున్న గౌనుని 2022లో ఇంకొకావిడ ఓ వేడుకకి తొడుక్కుని వెళితే, మ్యూజియంల అంతర్జాతీయ మండలి గట్టిగానే చెప్పింది, చరిత్ర ఉన్న బట్టల్ని ఎంతటివాళ్లైనా సరే తొడుక్కోకూడదని. చెమట, సెంటు, నడుము దగ్గర లాగుడు, ఒక్కటి చాలు పాత కుట్టు విడిపోవడానికి.

ఈసారి మీరు అలాంటి ఎగ్జిబిషన్‌కి వెళితే ఎదురుగా నిలబడి సెల్ఫీ దిగేసి వచ్చేయకండి. పక్కకి వెళ్లి చంక దగ్గర చెయ్యి ఎలా కలిపారో, అంచు చేత్తో మడిచారా మిషన్ మీదా అన్నది చూడండి. ఫోటో తీయనిస్తే ఆ కుట్టుది ఒకటి తీసి నాకు పంపండి, ఫ్లాష్ వేయకుండా.

మీ అమ్మమ్మ