అమెరికా అధ్యక్ష అభ్యర్థుల విధానాలను పోల్చడం: అపోహలు - వాస్తవాలు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ప్రధాన అభ్యర్థులిద్దరి విధానాలను పక్కపక్కన పెట్టి తెలుగులో పట్టికలు తయారుచేయడం నా వృత్తిలో భాగం. పన్నులు, వలసలు, ఆరోగ్య బీమా, వాణిజ్యం వంటి అంశాలు ఒక వరుసలో, ఇద్దరి పేర్లు మరో వరుసలో ఉండే ఈ పట్టికలు చూడటానికి సులువుగానే కనిపిస్తాయి. వాటిని చదివే తీరులో మాత్రం కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయాయి. 2028 నవంబరు 7న జరగవలసిన ఎన్నికకు ముందు మళ్లీ ఇవే ప్రశ్నలు వస్తాయి కనుక, ఎక్కువగా 2024 నాటి ఉదాహరణలతోనే వాటిని పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇద్దరూ ఒకే హామీ ఇచ్చారంటే ఆ అంశంలో వారి మధ్య తేడా లేనట్టే.

వాస్తవం: టిప్పులపై పన్ను రద్దు చేస్తామన్న హామీనే తీసుకుందాం. రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్ 2024 జూన్‌లో లాస్ వేగాస్ సభలో ఈ మాట ఇచ్చారు. ఆగస్టులో అదే నగరంలో డెమోక్రాటిక్ అభ్యర్థి కమలా హారిస్ కూడా ఇచ్చారు. హోటళ్లలో, కాసినోల్లో పనిచేసేవారి ఓట్లు కీలకమైన నెవాడాలో ఇద్దరూ ఒకే పాట పాడటంలో వింతేమీ లేదు. చాలా పత్రికల పట్టికల్లో ఆ అంశం ఎదుట ఇద్దరికీ "అవును" అనే పడింది. పన్ను అంటే ఆదాయపు పన్ను ఒక్కటేనా, వృద్ధులకు పింఛను, ఆరోగ్య బీమా ఇచ్చే ప్రభుత్వ పథకాలైన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల కోసం జీతంలో కోసే పేరోల్ పన్ను కూడానా అన్నది అసలు ప్రశ్న. పేరోల్ పన్ను యథాతథంగా ఉంటుందని, అధిక ఆదాయం గలవారు తమ ఫీజులను టిప్పులుగా చూపించకుండా ఆదాయ పరిమితి పెడతామని, దీనితోపాటు కనీస వేతనం కూడా పెంచుతామని హారిస్ బృందం వివరించింది. ట్రంప్ ప్రసంగాల్లో ఆ వివరాలు లేవు.

2025 జులైలో చట్టమై వచ్చినప్పుడు ఆ హామీ రూపం ఎలా ఉందో చూడండి. టిప్పుల్లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు మాత్రమే పన్ను లెక్కించే ఆదాయం నుంచి తీసివేయవచ్చు. ఒంటరి వ్యక్తి ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే ఆ వెసులుబాటు క్రమంగా తగ్గుతుంది. 2025 నుంచి 2028 వరకే ఇది అమల్లో ఉంటుంది. పేరోల్ పన్ను ఎప్పటిలాగే కట్టాలి. ఆదాయం మరీ తక్కువగా ఉండి అసలు ఆదాయపు పన్నే పడని వెయిటరుకు దీనివల్ల ఒక్క డాలరు కూడా మిగలదు. అందువల్ల పన్నుల హామీ ఏదైనా సరే, ఏ పన్ను, ఎంత వరకు, ఎవరికి, ఎప్పటి దాకా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాయకుండా "అవును" అని రాసి వదిలేస్తే పాఠకుడికి తెలిసింది ఏమీ ఉండదు.

అపోహ: అధ్యక్షుడు గెలిచాక చెప్పింది చేస్తాడు, చేయకపోతే మాట తప్పినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. పన్ను రేట్లు, ఖర్చులు, కనీస వేతనం, వీసాల వార్షిక పరిమితులు అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేతిలో ఉంటాయి. దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఆధిక్యం ఉన్నా, ఎగువ సభ అయిన సెనేట్‌లో చాలా బిల్లులపై చర్చ ముగించడానికి 100 మందిలో 60 మంది మద్దతు కావాలి. బడ్జెట్‌కు సంబంధించిన బిల్లులను మాత్రం రికన్సిలియేషన్ అనే ప్రత్యేక పద్ధతిలో సాధారణ మెజారిటీతో గట్టెక్కించవచ్చు. 2017లో కార్పొరేట్ పన్ను 35 శాతం నుంచి 21 శాతానికి తగ్గింది ఆ దారిలోనే. అదే ఏడాది జులైలో, అదే సెనేట్‌లో, అదే సాధారణ మెజారిటీ దారిలో ఒబామా ఆరోగ్య బీమా చట్టాన్ని పాక్షికంగా రద్దు చేయబోతే 49-51 ఓట్లతో వీగిపోయింది. ఈ రెండూ ట్రంప్ 2016 ప్రచారంలో గట్టిగా ఇచ్చిన హామీలే.

ఇందుకే నా పట్టికలో అభ్యర్థి మాట పక్కన "ఏ అధికారంతో?" అనే గడి ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. చట్టం కావాలా, ఫెడరల్ శాఖ జారీచేసే నిబంధన చాలా, అధ్యక్షుడి ఉత్తర్వుతో అయిపోతుందా అన్నది అందులో రాస్తాను. విద్యార్థుల రుణమాఫీ విషయంలో ఆ గడి విలువ బాగా తెలిసింది. 2020 ప్రచారంలో జో బైడెన్ మద్దతు పలికిన 10,000 డాలర్ల మాఫీని 2022 ఆగస్టులో ఆయన ప్రభుత్వం కాంగ్రెస్‌లో కొత్త చట్టం లేకుండా, 2003 నాటి పాత చట్టాన్ని ఆధారం చేసుకుని ప్రకటించింది. ఆ చట్టం అంత అధికారం ఇవ్వదంటూ 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టివేసింది. ఉగ్రవాద అనుమానితులను ఉంచిన గ్వాంటనామో జైలును ఏడాదిలో మూసేస్తానని ఒబామా 2009 జనవరిలో సంతకం చేసిన ఉత్తర్వుదీ దాదాపు అదే గతి. ఖైదీల తరలింపుకు నిధులు వాడకుండా కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగేవి దిగుమతి సుంకాలు. అన్ని దేశాల సరుకుపై 10 నుంచి 20 శాతం, చైనా సరుకుపై 60 శాతం సుంకం వేస్తానని ట్రంప్ 2024లో అన్నప్పుడు, అంత పెద్ద మార్పును కాంగ్రెస్ ఒప్పుకోదులే అని తేలిగ్గా తీసుకున్నవారు ఉన్నారు. రాజ్యాంగం ప్రకారం సుంకాల అధికారం కాంగ్రెస్‌దే అయినా, 1962, 1974 నాటి వాణిజ్య చట్టాల ద్వారా అందులో కొంత భాగాన్ని కాంగ్రెసే అధ్యక్షుడికి అప్పగించి ఉంది. 2025లో ఆయన 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని కూడా పట్టుకున్నారు. ఆ చట్టం సుంకాలకు వర్తిస్తుందా అన్న వివాదం కోర్టులకెక్కింది. కాగితం మీద కాంగ్రెస్‌ది అయిన అధికారం ఎంత వరకు చేతులు మారిందో తెలియనివారికి ఆ హామీ బరువు తెలియదు.

మన పాఠకులు ఎక్కువగా అడిగే వలసల అంశంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000, అమెరికాలో పైచదువులు చదివినవారికి అదనంగా మరో 20,000. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. ఇవన్నీ చట్టంలో ఉన్న అంకెలు, ఏ అధ్యక్షుడూ తన సంతకంతో మార్చలేడు. కాబట్టి 2024 జూన్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో, అమెరికా కాలేజీల్లో పట్టా పుచ్చుకున్నవారికి దానితోపాటే గ్రీన్ కార్డు ఇవ్వాలని ట్రంప్ అన్నప్పుడు, అది చట్టం మారితే తప్ప జరగని పని అని రాయాల్సి వచ్చింది. ఆ మాట చాలా కఠినమైన పరిశీలన తరువాత అత్యంత నైపుణ్యం గలవారికే వర్తిస్తుందని ఆయన ప్రచార బృందం వెంటనే వివరణ కూడా ఇచ్చింది. మొదటి మాటకు వచ్చిన ప్రచారంలో పదోవంతు కూడా ఆ వివరణకు రాలేదనిపిస్తుంది.

హెచ్-1బి ఉద్యోగుల వెంట హెచ్-4 వీసాపై ఉన్న జీవిత భాగస్వాములకు పని అనుమతి సంగతి వేరు. అది 2015లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నిబంధనగా వచ్చింది కనుక, కాంగ్రెస్ ప్రమేయం లేకుండానే మరో ప్రభుత్వం దానిని తీసేసే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. ట్రంప్ మొదటి పాలనలో తీసేస్తామని ప్రకటించి, పదవీకాలం ముగిసేదాకా ఆ పని పూర్తిచేయలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు 1,00,000 డాలర్ల చెల్లింపు షరతు వచ్చింది అధ్యక్షుడి ప్రకటన ద్వారానే. పరిమితి సంఖ్య ఒక్కటి కూడా మారలేదు, అయినా చాలా కంపెనీలకు ఆ వీసా అందని ద్రాక్ష అయింది.

అపోహ: పార్టీ మేనిఫెస్టో చదివితే అభ్యర్థి విధానం తెలిసిపోతుంది.

వాస్తవం: అమెరికాలో పార్టీ సదస్సు ఆమోదించే ప్రణాళికకు అభ్యర్థి కట్టుబడి ఉండాలన్న నియమం లేదు. 2020లో రిపబ్లికన్ పార్టీ కొత్త ప్రణాళిక రాయనే లేదు, 2016 నాటిదాన్నే కొనసాగించింది. 2024లో రిపబ్లికన్లది 16 పేజీలు, డెమోక్రాట్లది దాదాపు 90. నిడివి చూసి మురిసిపోనక్కరలేదు. ఆ 90 పేజీల పత్రం, బైడెన్ జులైలో పోటీ నుంచి తప్పుకున్నా, ఆగస్టులో ఆమోదం పొందేనాటికి ఆయన రెండో పదవీకాలం గురించే మాట్లాడుతూ ఉంది.

అపోహ: ఎవరి హామీలకు ఎంత ఖర్చో స్వతంత్ర సంస్థలు తేల్చి చెబుతాయి, ఆ అంకె రాస్తే చాలు.

వాస్తవం: కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క కట్టేది బిల్లులకు, ప్రచార హామీలకు కాదు. ఆ ఖాళీని బయటి సంస్థలు పూరిస్తాయి. బాధ్యతాయుత ఫెడరల్ బడ్జెట్ కమిటీ 2024 అక్టోబరు మొదట్లో, పదేళ్లలో హారిస్ ప్రణాళికలు అప్పును 3.5 లక్షల కోట్ల డాలర్లు, ట్రంప్ ప్రణాళికలు 7.5 లక్షల కోట్ల డాలర్లు పెంచవచ్చని అంచనా వేసింది. శీర్షికల్లోకి ఎక్కినవి ఈ రెండు అంకెలే. అదే నివేదికలో హారిస్‌కు సున్నా నుంచి 8.1 లక్షల కోట్ల దాకా, ట్రంప్‌కు 1.45 నుంచి 15.15 లక్షల కోట్ల దాకా అవధులు ఇచ్చారు. అంత ఎడం ఎందుకంటే, హామీల్లో సగం వివరాలు అభ్యర్థులు చెప్పలేదు, లేని వివరాలను లెక్కగట్టేవారు తామే ఊహించుకోవాలి. నడిమి అంకె తప్పు అని నేను అనను. అవధులు లేకుండా దాన్ని ఒంటరిగా వేయడం తప్పు అంటాను.

అపోహ: ఎన్నికల హామీలన్నీ నీటి మూటలే, పోల్చి లాభం లేదు.

వాస్తవం: అధ్యక్షులు తమ హామీల్లో ఎక్కువ వాటి కోసం నిజంగా ప్రయత్నిస్తారని రాజనీతి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పరిశీలించి చెబుతున్నారు. కొత్త పన్నులుండవని 1988లో చెప్పిన పెద్ద బుష్ 1990లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 28 నుంచి 31 శాతానికి పెంచే ఒప్పందానికి తలొగ్గడం ఇంకా గుర్తుందంటే, అది మామూలుగా జరిగేది కాదు కనుకే.

అపోహ: వైఖరి మార్చుకున్న అభ్యర్థి ఏ మాటా పట్టికలో చేర్చదగినది కాదు.

వాస్తవం: పాత మాటనూ కొత్త మాటనూ తేదీలతో సహా రాయడమే పద్ధతి. ఆరోగ్య బీమా అందరూ తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధనను 2008లో డెమోక్రాట్ల అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ సమర్థించగా ఒబామా వ్యతిరేకించారు. 2010 మార్చిలో ఆయన సంతకం చేసిన చట్టంలో ఆ నిబంధన ఉంది. ఫ్రాకింగ్ (భూగర్భ శిలలను అధిక పీడన ద్రవంతో పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతి) నిషేధానికి 2019లో అనుకూలమన్న హారిస్ 2024లో నిషేధించనన్నారు. ఇక్కడ కూడా "ఏ అధికారంతో?" అన్న గడి చూడాలి: కొత్త చట్టం లేకుండా అధ్యక్షులకు గట్టి పట్టు ఉండేది ఫెడరల్ భూముల లీజులపైన, ఈ వివాదం రగిలిన పెన్సిల్వేనియాలో తవ్వకాలు ప్రధానంగా ప్రైవేటు, రాష్ట్ర భూముల్లో సాగుతాయి.

అపోహ: నిష్పాక్షికమైన పట్టికలో ఇద్దరికీ సమానంగా చోటు ఉండాలి.

వాస్తవం: ఒకరు పేజీలకొద్దీ వివరించిన అంశంపై మరొకరు ఒక్క వాక్యంతో సరిపెడితే, ఆ వాక్యాన్ని సాగదీసి పేరా చేయడం పక్షపాతమే. 2024 సెప్టెంబరు 10 చర్చలో ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి ప్రత్యామ్నాయ ప్రణాళిక ఉందా అని అడిగితే, ప్రణాళికకు సంబంధించిన ఆలోచనలు ఉన్నాయని ట్రంప్ బదులిచ్చారు. ఆ గడిలో "ప్రణాళిక ప్రకటించలేదు" అని రాశాను. సరుకుల ధరలు అడ్డగోలుగా పెంచడాన్ని దేశవ్యాప్తంగా నిషేధిస్తానన్న హారిస్, ఎంత పెంపును అడ్డగోలు అంటారో చెప్పలేదు. ఆ గడిలో హామీని రాసి, దాని కిందనే "పరిమితి చెప్పలేదు" అని రాశాను. ఈ రెండు గడుల మీద రెండు పక్షాల అభిమానుల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. ఆ పట్టికను తరువాత సవరించినప్పుడు కూడా ఆ రెండింటినీ మార్చలేదు.